బొమ్మ తలలో తుప్పు

"గుంట తల్లోంచి ఎర్రనీళ్లు కారతన్నాయే" అని మా అమ్మ అన్నప్పుడు నేను చారన్నం కలుపుకుంటున్నాను. ఆదివారం, షాపుకి సెలవు. మా శ్రీకాకుళం వైపు ఆడపిల్లని గుంట అంటారు. మా ఇంట్లో ఆ పిలుపు మా చెల్లిది. చెల్లి పోయి అప్పటికి ఏడాదిన్నర దాటింది. అమ్మకి మతి పోయిందేమో అనుకున్నాను. తర్వాత ఆమె ఎటు చూస్తోందో చూశాను. బీరువా పక్కన చిన్న బల్ల మీద చెల్లి బొమ్మ కూర్చుని ఉంది. దాని విగ్గు కింద నుంచి, చెవి వెనకగా, మెడ మీదికి డికాషన్ రంగు చార ఒకటి దిగింది.

నాది ముందు అరిచి తర్వాత ఆలోచించే స్వభావం. "దానికి నీళ్లెలా తగిలాయి? ఎవరు తడిపారు?" అని అరిచాను. ఇంట్లో ఉన్నది ఇద్దరం. అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ బొమ్మ గురించి చెప్పాలి. మా నాన్న రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో ఫిట్టరు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఈ హిందీ ఊళ్లోనే గుఢియారీ అనే పేటలో, కింద రెండు గదులు, మేడ మీద ఒకటి ఉన్న ఇల్లు కొన్నాడు. ఆ ఇంట్లో మూడేళ్లు కూడా ఉండకుండానే పోయాడు. మిగిలింది ముగ్గురం ఆడవాళ్లం. నేను స్టేషన్ దగ్గర కళ్లజోళ్ల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తాను. చెల్లి ఓ ప్రైవేటు బడిలో డ్రాయింగ్ టీచరు. ఇద్దరికీ పెళ్లిళ్లు కాలేదు. దాని గురించి కాలనీలో చాలామందికి మాకంటే ఎక్కువ తెలుసు.

చెల్లి రెండేళ్లు ఆశపడి ఆ బొమ్మని విదేశం నుంచి తెప్పించుకుంది. పిల్లలు ఆడుకునేది కాదు, పెద్దవాళ్లు సేకరించేది. రెసిన్ అనే ఒకరకం గట్టి ప్లాస్టిక్‌తో చేసింది, మూరెడు పొడవు, చేతిలోకి తీసుకుంటే పింగాణీలాగా చల్లగా, బరువుగా ఉంటుంది. పెట్టె విప్పిన రోజు దానికి బోడితల, కళ్ల చోట రెండు చిల్లులు, ఒంటి మీద గుడ్డ పేలిక లేదు. అమ్మ చూసి, "ఇదేటే, పాడె మీంచి లేచొచ్చినట్టుంది" అంది. చెల్లి పగలబడి నవ్వింది. దాని తల రెండు ముక్కలు. ముందు ముఖం, వెనక డిప్ప. లోపలినుంచి కళ్లు అమర్చడానికి అలా చేస్తారట. ఆ రెండు ముక్కల్నీ పట్టి ఉంచేవి చొక్కా గుండీలంత అయస్కాంతాలు, ముఖం అంచున రెండు, డిప్ప అంచున రెండు. దగ్గరికి తెస్తే టక్కున అతుక్కునేవి. చెల్లి ఊరికే తీసి పెట్టి, తీసి పెట్టి ఆ చప్పుడు వినేది. "విరగ్గొడతావే" అని నేను తిట్టేదాన్ని.

ఆ బొమ్మ ముఖం ఖాళీగా వస్తుంది, కొనుక్కున్నవాళ్లే గీసుకోవాలి. చెల్లి ఎండాకాలం సెలవుల్లో వారం రోజులు కూర్చుని గీసింది. వానాకాలంలో పైన కొట్టే వార్నిష్ తెల్లబడిపోతుందని మే నెల దాకా ఆగింది. రంగు సుద్దని పొడి చేసి బుగ్గలకి అద్దింది. కనుబొమ్మల్ని ఒక్కో వెంట్రుకా విడివిడిగా గీసింది. చెల్లికి చిన్నప్పుడు క్వార్టరు గడప తగిలి ఎడమ కనుబొమ్మ తెగింది. ఆ చోట మళ్లీ వెంట్రుకలు మొలవలేదు. బొమ్మకి కూడా ఎడమ కనుబొమ్మలో ఆ ఖాళీ వదిలింది. "అంత డబ్బు పోసి కొని, వంకర పెట్టడమేంటే?" అన్నాను. "వంకర లేనివి అందరిళ్లలోనూ ఉంటాయక్కా, ఇది మనింటిది" అంది.

చెల్లి తను గీసినవేవీ దాచుకునే మనిషి కాదు. బోర్డు మీద సుద్దతో గీసేది, పిల్లల పుస్తకాల్లో గీసేది, బడి గోడ మీద గీసేది. బోర్డు తుడిచేశారు. గోడకి సున్నం కొట్టేశారు. ఫోన్లో ఫొటోలున్నాయి, అవి వేరు. చెల్లి చేత్తో చేసింది మాకు మిగిలిందల్లా మూరెడు బొమ్మ మీద ఆ ముఖం ఒక్కటే.

రెండో విడత కరోనాలో మా ఇంట్లో మొదట జ్వరం వచ్చింది అమ్మకి. నేను మేడ మీద గదిలోకి సామాను పట్టుకుని వెళ్లిపోయాను. భయపడ్డాను, దాచడానికేం లేదు. నోరున్న మనుషులకి ధైర్యం ఉంటుందని అందరూ అనుకుంటారు. అమ్మ పక్కన చెల్లి పడుకుంది. కషాయాలు కాచింది, ఒళ్లు తుడిచింది. అమ్మకి తగ్గకముందే చెల్లికి ఊపిరి అందలేదు. ఆస్పత్రిలో మంచం దొరకడానికి ఒక రోజంతా పట్టింది. మంచం దొరికాక ఐదు రోజులు ఉంది.

సంచీలో పెట్టి, జిప్పు వేసి, అక్కడినుంచి అటే తీసుకెళ్లిపోయారు. నేను గేటు బయట నిలబడి చూశాను. సంచీలన్నీ ఒకలాగే ఉన్నాయి. ఒకటి చూపించి ఇదే అన్నారు. నేను దణ్ణం పెట్టాను.

మా వాళ్లలో మనిషి పోతే ఇంటి వాకిట్లో నీళ్లు పోస్తారు. ఆడమనిషికి ఇంటి ఆడవాళ్లే తల మీదనుంచి పోసి, పసుపు రాసి, కొత్త బట్ట కట్టి సాగనంపుతారు. అమ్మ ఇంకా జ్వరంతోనే మంచం మీద ఉంది. ఇంటికి వెళ్లగానే ఒకే మాట అడిగింది, "నీళ్లు పోసినారా?" అని. నేను మెల్లగా చెప్పి ఉండొచ్చు. "ఎవరు పోస్తారమ్మా? సంచీలో వేసి జిప్పు వేశారు" అన్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. "నానే అంటించినాను" అని గోడకి చెప్పింది. అది ఆమె ఆ తర్వాత చాలాసార్లు అన్న మాట. కాదని నేను గట్టిగా ఎప్పుడూ చెప్పలేదు. ఓపిక లేక కొంత. అవునేమో అన్న అనుమానం నాలోనూ ఉండి కొంత.

ఇప్పుడు మళ్లీ ఆ ఆదివారం. చేయి కడుక్కుని వంటింట్లోకి వెళ్తే అమ్మ పొయ్యి ఎదుట పీట మీద కూర్చుని ఉంది. నేను అడక్కుండానే చెప్పింది.

"శుక్కురారం శుక్కురారం తలంటు పోస్తన్నాను. నువ్వు షాపుకెళ్లినాక."

"ఎప్పట్నుంచి?"

"గుంట పోయిన మూడో నెల నుంచి. ఆ రోజు పొయ్యనే లేదు గదే గుంటకి."

విగ్గు తీసి పక్కన పెట్టేదట. మాడు మీద ఒక్క చుక్క నువ్వుల నూనె అద్దేదట. ఒంటికి సున్నిపిండి. మార్కెట్లో రీఠా అని అడిగి తెచ్చిన కుంకుడుకాయలు నానబెట్టి, పిసికి, ఆ రసం పోసి, గోరువెచ్చటి నీళ్లు చెంబుతో తల మీదనుంచి పోసేదట. ముఖానికి మాత్రం సున్నిపిండి రాయలేదు, గుంట గీసింది పోతుందని. తుడిచి, ఎండలో కూర్చోబెట్టి, విగ్గుకి సాంబ్రాణి పొగ వేసేదట. పసిపిల్లకి చేసినట్టు అన్నీ చేసింది. ఆ తల తెరుచుకుంటుందని మాత్రం ఆమెకి తెలియదు. చెల్లి చాలాసార్లు చూపించింది గానీ, "పుర్రె ఇప్పినట్టు ఏటే అది" అని అమ్మ ప్రతిసారీ ముఖం తిప్పుకునేది. తల మీద పోసిన నీళ్లు అతుకులోంచి, కళ్ల సందుల్లోంచి లోపలికి పోయి, అక్కడే నిలిచిపోయేవి. వారానికోసారి, ఏడాదికి పైగా.

నాకు ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. బయటికి వచ్చింది కోపమే. "ఉన్న ఒక్కటీ పాడుచేస్తున్నావు" అన్నాను.

ఆ మధ్యాహ్నమే బొమ్మని కిటికీ దగ్గర నా పని బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను. డిప్ప ఊడిరాలేదు. తుప్పు రెండు ముక్కల్నీ కలిపి పట్టేసింది. అతుకులోకి గట్టి దారం దూర్చి, అటూ ఇటూ లాగి, అరగంటకి ఊడదీశాను. లోపలినుంచి పాత బావి వాసన కొట్టింది. అడుగున గోధుమరంగు బురద. నాలుగు అయస్కాంతాలూ ఉబ్బి, పైన వెండిలా మెరిసే పొర పొట్టులా లేచిపోయి, లోపలి నల్లటి పిండి బయటపడింది. ఇనుము తుప్పు పడితే పెరుగుతుంది, ఉన్న చోటు చాలక పక్కదాన్ని పగలగొడుతుంది అని నాన్న అనేవాడు, వ్యాగన్ల సంగతి చెబుతూ. డిప్పలో ఒక అయస్కాంతం చుట్టూ రెసిన్‌కి వెంట్రుకంత పగులు వచ్చింది. ముఖం వైపు మరక లోపలి అంచు దాటి నుదుటి దిక్కుగా పాకుతోంది. ఇంకో ఆరు నెలలు ఆగితే కనుబొమ్మల దాకా వచ్చేది.

నాకు భయం వేసింది. ఆ కనుబొమ్మలు పోతే చెల్లి చేతి పని అంటూ ఈ లోకంలో ఇక ఏమీ ఉండదు. అయినా నేను చేయగలననుకున్నాను. పదిహేనేళ్లుగా నా బతుకంతా చిన్న స్క్రూలు, సన్న ట్వీజర్లే. అదే నా పొగరు.

ఆ పని మూడు ఆదివారాలు పట్టింది. సూదితో గీకితే అయస్కాంతం పొడి సూదికే అంటుకునేది. ట్వీజర్లతో తీయబోతే ట్వీజర్లకి నల్లటి గడ్డం మొలిచేది. ఇనుము ముట్టుకోకూడదని అర్థమయ్యాక అగరబత్తి పుల్లలు చెక్కి వాటితో తవ్వాను. వెనిగర్‌లో ముంచిన దూది అయస్కాంతాల గుంటల్లో పెట్టి, తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ పెట్టాను. మరక పలచబడింది గానీ పూర్తిగా పోలేదు. కొత్త అయస్కాంతాలు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఏ వైపు దేన్ని లాగుతుందో, దేన్ని తోస్తుందో చూసుకుని, షాపు పెన్నుతో చుక్కలు పెట్టుకున్నాను. ఒక్కటి తిరగబడితే తల మూసుకోదు, డిప్ప తనంతట తనే ఎగిరి పడుతుంది. పాత గమ్ము వదలడానికి షాపునుంచి చిన్న సీసాలో ఎసిటోన్ తెచ్చుకున్నాను. అది రంగుకి తగిలితే రంగు ఉండదని నాకు తెలుసు. అందుకే ముఖానికి మెత్తటి గుడ్డ చుట్టి, టేపు వేసి, జాగ్రత్తగా లోపలి గుంటలే తుడిచాను.

అమ్మ ఆ మూడు వారాలూ దూరంగా తిరిగింది. ఒక్కోసారి గుమ్మం దాకా వచ్చి, "నొప్పెట్టదు గదా" అని అడిగి, తనే సిగ్గుపడి వెళ్లిపోయేది.

మూడో ఆదివారం మధ్యాహ్నం అయస్కాంతాలు అతికించి, మళ్లీ నీళ్లు తగలకుండా పైన గమ్ముతోనే పూత పూసి, ఆరాక మూసి చూశాను. టక్కున పట్టుకుంది. సంతోషం వేసింది. టేపు తీసి, గుడ్డ విప్పి, ముఖాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాను.

మా షాపులో కొన్ని ఖరీదైన అద్దాల మీద ఫ్యాక్టరీ వాళ్లు రంగు గుర్తులు వేసి పంపుతారు. ఆ గుర్తుల్ని బట్టి ఫ్రేములో బిగించి, వెలుతురుకి ఎత్తి చూసి, చివర్న ఎసిటోన్ తడిపిన గుడ్డతో ఒక్క తుడుపు తుడుస్తాం. గుర్తులు పోతాయి. పని అయిపోయినట్టు. రోజుకి ఎన్నిసార్లు చేస్తానో నాకే తెలియదు. చేయి దానంతట అదే చేస్తుంది.

ఆ రోజూ చేసింది. బల్ల మీదున్న ఎసిటోన్ గుడ్డతో, ఎడమ కన్ను మీదుగా, నుదుటి వారగా, ఒక్క తుడుపు. గుడ్డ మీద గోధుమరంగు చూసి తుప్పేమో అనుకున్నాను. ముఖం చూశాను. ఎడమ కనుబొమ్మ లేదు. ఆ ఖాళీ కూడా లేదు. ఖాళీ కనబడాలంటే దాని పక్కన ఏదైనా ఉండాలి కదా.

 గుడ్డని మడిచి జేబులో పెట్టుకున్నాను. అదీ చేయి దానంతట అదే చేసింది. అప్పుడే అమ్మ మధ్యాహ్నం నిద్ర లేచి వచ్చింది.

"అయిపోనాదా?" అని వంగి చూసింది. "ఏటే, ఎడం కనుబొమ్మ ఏదీ?"

నేను చెప్పాల్సిన మాట నోటి దాకా వచ్చింది. దాన్ని తోసుకుని వేరే మాట వచ్చింది. "నీళ్లకే పోయింది. ఏడాదికి పైగా తలంటు పోస్తే ఉంటుందా?"

"మొన్నటి దాకా ఉందే."

"లోపలినుంచి ఊరి ఊడిపోయింది."

"అయితే నానే పోగొట్టీసినానా?"

"అవును" అన్నాను.

అమ్మ అరచేతులు తిప్పి చూసుకుంది. "కాటిక పెట్టీద్దుమా?" అని అడిగింది. వద్దన్నాను. సరే అని వెళ్లి టీ పెట్టింది. నా టీలో చక్కెర వేయడం మర్చిపోయింది. నేను అడగకుండా తాగేశాను.

ఒక్క మాట. నా పరువు నిలబెట్టుకోవడానికి, నా తల్లి నెత్తి మీద రెండో చావు పెట్టాను. ఆమె ఆ రోజు నుంచి బొమ్మని ముట్టుకోలేదు. అది ఉన్న గదిలో పడుకోవడం మానేసి చాప వంటింట్లో వేసుకుంది. బొమ్మ ముందు పెట్టే పూలు నన్నే మార్చమనేది. పాల గిన్నె చేతిలోంచి జారితే, "నా సేతులే అంత" అనేది. పక్కింటావిడ తన మనవడికి దిష్టి తీయమని పిలిస్తే, "నాను ఒద్దమ్మా, ఇంకెవర్నేనా పిలు" అంది. పిల్లల్ని ఎత్తుకోవడం మానేసింది. నేను అన్నీ చూశాను. చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. పొద్దున్న అయితే షాపుకి టైమైందని, సాయంత్రం అయితే ఇప్పుడే కాస్త తేరుకుందని. పిరికితనానికి సాకులు దొరకని రోజంటూ లేదు.

రెండు నెలలు అలా గడిచాయి. ఒక శుక్రవారం షాపుకి సెలవు పెట్టాను. కుంకుడుకాయలు నేనే నానబెట్టాను, నీళ్లు కాచాను, సున్నిపిండి కలిపాను, దొడ్లో పీట వేశాను. బొమ్మని తువ్వాలు మీద కూర్చోబెట్టి అమ్మని పిలిచాను. ఆమె చేత మళ్లీ నీళ్లు పోయిస్తే అంతా సర్దుకుంటుందనీ, నిజం చెప్పకుండానే గట్టెక్కిపోవచ్చనీ నా ఆశ. ఆ రోజుకీ నా బుద్ధి అదే.

"ఇప్పుడు నీళ్లు తగిలినా ఏం కాదమ్మా. లోపల అంతా మూసేశాను. రా, పోద్దువుగాని."

అమ్మ దొడ్డి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒద్దే. నా సేతులు మంచివి కావు. నాను ముట్టుకుంటే ఏదీ నిలవదు. ముందల గుంటకి జొరం అంటించినాను. మళ్లీ అది గీసుకున్నదాన్ని కూడా తుడిసీసినాను."

ఇక నా వల్ల కాలేదు. "నువ్వు కాదు" అన్నాను. "నేను తుడిచాను. షాపులో అద్దాలు తుడిచే మందుతో, నా చేత్తో. నీ నీళ్లకి ముఖానికి ఏమీ కాలేదు. వచ్చి అడిగావు, భయమేసి నీ మీదికి తోసేశాను. అంతా నేనే చేశానమ్మా." చెప్తూ ఏడ్చాను. సంచీ చూసిన రోజు కూడా నేను అలా ఏడవలేదు.

అమ్మ వచ్చి నా ఎదుట కూర్చుంది. కొంగుతో నా ముఖం తుడిచింది. ఆమె ముఖంలో నేను అనుకున్న కోపం లేదు, తేలికపడ్డ గుర్తూ లేదు.

"నాకు తెలుసునే" అంది. "నీ నోరే అలగ గానీ మనసు అలగ కాదు. నా బాద సూళ్లేక నీ మీదేసుకుంటన్నావు."

"కాదమ్మా, నిజం. నిజంగా నేనే."

"సర్లే. ఊరుకో."

ఆమె చేయి తీసుకుని నా నెత్తిన పెట్టుకున్నాను. "నా మీద ఒట్టు. నేనే తుడిచాను."

నిప్పు తగిలినట్టు చేయి లాగేసుకుంది. అప్పుడు వచ్చింది ఆమెకి కోపం. "నా కోసం తప్పుడు ఒట్లు పెట్టకు! ఒక్కదానివే మిగిలినావు" అని అరిచింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని, నా తలకి దూరంగా ఒళ్లో దాచుకుంది.

 తర్వాత ఆమె లేచింది. బొమ్మని తువ్వాలుతోనే, వేళ్లు తగలకుండా ఎత్తి నా ఒళ్లో పెట్టింది.

"నువ్వే పొయ్యి" అంది. "నీ సేతులు నమ్మకమైనవి."